ఎల్‌డీఎల్ నార్మల్, అపోబి 124: మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 39. తణుకులో బ్యాంకులో పనిచేస్తున్నాను. మా నాన్నగారికి 51వ ఏట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఈ మధ్య ఆఫీసు తరఫున చేసిన హెల్త్ చెకప్‌లో నా మొత్తం కొలెస్ట్రాల్ 188, ట్రైగ్లిసరైడ్లు (రక్తంలోని కొవ్వు) 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 112 వచ్చాయి. గత మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సి 5.9. నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. ఆ ప్యాకేజీలోనే అపోలిపోప్రొటీన్ బి (అపోబి) అనే పరీక్ష కూడా ఉంది. అది 124 వచ్చింది. పక్కన 66 నుంచి 133 వరకు నార్మల్ అని ముద్రించారు కాబట్టి, ఎక్కువని చెప్పే గుర్తేమీ దాని ముందు లేదు. మా డాక్టరుగారు మాత్రం ఆ అంకె దగ్గరే ఆగి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర రోసువాస్టాటిన్ 10 రాశారు. మెడికల్ షాపు నడిపే మా బావమరిది, ఎల్‌డీఎల్ బాగానే ఉంటే ఆ మాత్ర ఎందుకు, లివర్ పాడవుతుంది, షుగర్ వస్తుంది అంటున్నాడు. అపోబి ఒక ప్రొటీన్ అని నెట్‌లో చదివి మా ఆవిడ పప్పు, గుడ్లు తగ్గించేసింది. మాకు పన్నెండేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప. తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. నేను మాత్ర వేసుకోవాలా? తిండి మార్చుకుంటే సరిపోదా? పిల్లలకూ తమ్ముడికీ పరీక్షలు చేయించాలా? (పేరు ప్రచురించవద్దు)

సమాధానం: ముందుగా మీ వంటింటి సంగతి. పప్పునూ గుడ్డునూ మళ్లీ కంచంలోకి రానివ్వండి. మనం తినే ప్రొటీన్ ఏదైనా జీర్ణమయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలుగా విడిపోయాకే రక్తంలో కలుస్తుంది; అది అపోబి రూపంలో నేరుగా రక్తంలోకి చేరే మార్గమే లేదు. మీ రిపోర్టులో కనిపించిన అపోబి మీ కాలేయం స్వయంగా తయారుచేసుకున్నది. పప్పు మానినంత మాత్రాన అది తగ్గదు, పైగా పప్పు తగ్గిన చోట మరో రెండు గరిటెల అన్నం చేరితే మీ ట్రైగ్లిసరైడ్లు ఇంకొంచెం పెరిగే అవకాశమే ఎక్కువ. గుడ్డులోని కొలెస్ట్రాల్ వల్ల రక్తంలోని కొలెస్ట్రాల్ పెరిగేది చాలామందిలో కొద్దిగానే కాబట్టి, రోజుకొక గుడ్డు గురించి మీరు బెంగపెట్టుకోనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తే, అపోబి ఏం చేస్తుందో తెలిస్తే మీ డాక్టరుగారు ఆ అంకె దగ్గర ఎందుకు ఆగారో తెలుస్తుంది. రక్తంలో ఎక్కువ భాగం నీరు; కొవ్వు నీటిలో కలవదు. అందువల్ల కాలేయం తన దగ్గరున్న ట్రైగ్లిసరైడ్లనూ కొలెస్ట్రాల్‌నూ లోపల ఉంచి, పైన ఫాస్ఫోలిపిడ్ల పలుచని పొర కప్పి, ఆ రేణువు చెదిరిపోకుండా చుట్టూ ఒక పొడవైన ప్రొటీన్ గొలుసును బిగించి రక్తంలోకి వదులుతుంది. ఆ గొలుసే అపోలిపోప్రొటీన్ బి-100. దానిలో 4,536 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మన ఒంట్లో తయారయ్యే ఒంటి గొలుసు ప్రొటీన్లలో ఇది బాగా పెద్దవాటి కోవకు చెందుతుంది. కాలేయం నుంచి బయలుదేరేటప్పుడు ఆ రేణువును వీఎల్‌డీఎల్ అంటారు. కండరాల దగ్గర, కొవ్వు కణజాలం దగ్గర ట్రైగ్లిసరైడ్లను దించుతూ పోయి, పరిమాణంలో చిక్కిపోయి, అది ఐడీఎల్‌గానూ చివరకు ఎల్‌డీఎల్‌గానూ మారుతుంది. ఈ దారిలో అపోసి, అపోఇ వంటి చిన్న ప్రొటీన్లు ఒక రేణువు మీంచి మరో రేణువు మీదికి మారుతూనే ఉంటాయి. అపోబి మాత్రం ఎక్కిన రేణువును దిగదు, పుట్టినప్పటి నుంచి కాలేయం తిరిగి లోపలికి లాక్కునే దాకా దానితోనే ఉంటుంది. ఒక్కో రేణువు మీద ఉండేది ఒక్క అపోబి మాత్రమే. అందుకే రక్తంలో అపోబి ఎంత ఉందో కొలిస్తే, ఆ జాతి రేణువులు మొత్తం ఎన్ని తిరుగుతున్నాయో దాదాపుగా తెలిసిపోతుంది. వాటిలో నూటికి తొంభైకి పైగా ఎల్‌డీఎల్ రేణువులే.

పేగులకు కూడా ఇలాంటి పని ఉంది. మనం తిన్న నూనెను, నెయ్యిని శరీరంలోకి చేరవేసే కైలోమైక్రాన్ అనే పెద్ద రేణువులను అవి తయారుచేస్తాయి. వాటి కోసం పేగులు వాడేది కూడా అదే జన్యువును. కాకపోతే జన్యువు నుంచి నకలైన సందేశంలో ఒకే ఒక్క అక్షరాన్ని పేగు కణం మార్చేస్తుంది. ఆ మార్పుతో గొలుసు అల్లిక 2,152వ అమైనో ఆమ్లం దగ్గరే ఆగిపోతుంది. పూర్తి పొడవులో 48 శాతమే ఉంటుంది కాబట్టి దాన్ని బి-48 అంటారు. ఒకే జన్యువు నుంచి రెండు అవయవాలు రెండు పొడవుల ప్రొటీన్లను ఇలా తయారుచేసుకోవడం 1987లో బయటపడినప్పుడు శాస్త్రజ్ఞులకు పెద్ద వింతగానే తోచింది. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, భోజనం చేశాక కూడా రక్తంలో బి-48 వాటా చాలా స్వల్పంగానే ఉంటుంది. అందువల్ల అపోబి పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. ఉదయం ఇడ్లీ తిని వెళ్లినా అంకె పెద్దగా మారదు.

ఇప్పుడు మీ రిపోర్టును దగ్గరగా చూద్దాం. అందులోని ఎల్‌డీఎల్ 112 కొలిచిన అంకె కాదు, లెక్కగట్టిన అంకె. ట్రైగ్లిసరైడ్లు 210ని 5తో భాగిస్తే 42 వస్తుంది. మొత్తం 188లోంచి హెచ్‌డీఎల్ 34ను, ఈ 42ను తీసేస్తే మిగిలేది సరిగ్గా 112. ఫ్రైడ్‌వాల్డ్, ఆయన సహచరులు 1972లో ప్రకటించిన ఈ సూత్రాన్నే ఇప్పటికీ చాలా ల్యాబ్‌లు వాడుతున్నాయి. ట్రైగ్లిసరైడ్లు పెరిగేకొద్దీ ఆ లెక్క మీద నమ్మకం తగ్గుతుంది, 400 దాటితే ఆ సూత్రాన్ని వాడనే కూడదు. అయితే మీ విషయంలో ఇది చిన్న చిక్కే. లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదని అనుకున్నా, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ అనేది రేణువుల్లో ఉన్న సరుకు బరువును మాత్రమే చెబుతుంది. సరుకును మోస్తున్న రేణువులు ఎన్ని అన్నది చెప్పదు.

మీది గోదావరి జిల్లా కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. కోతల రోజుల్లో రైస్ మిల్లుకు వచ్చిన ధాన్యం మొత్తం ఎన్ని క్వింటాళ్లో కాటా చెబుతుంది గానీ, దాన్ని తెచ్చిన ట్రాక్టర్లు ఎన్నో చెప్పదు; ట్రాక్టర్లు సగమే నిండి వస్తే అదే ధాన్యానికి రెట్టింపు ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి.

మీ ఒంట్లో ఇదే జరుగుతోంది. పొట్ట దగ్గర కొవ్వు పేరుకుని ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం ట్రైగ్లిసరైడ్లతో నిండిన వీఎల్‌డీఎల్‌ను ఎక్కువగా వదులుతుంది. రక్తంలో ఆ రేణువులు ఎక్కువైనప్పుడు ఒక ఇచ్చిపుచ్చుకోవడం మొదలవుతుంది: వీఎల్‌డీఎల్ తన ట్రైగ్లిసరైడ్లను ఎల్‌డీఎల్‌కూ హెచ్‌డీఎల్‌కూ ఇచ్చి, వాటి కొలెస్ట్రాల్‌ను తాను తీసుకుంటుంది. అలా ట్రైగ్లిసరైడ్లు ఎక్కిన ఎల్‌డీఎల్‌ను కాలేయంలోని లైపేజ్ ఎంజైము కరిగించి చిన్నగా, గట్టిగా మారుస్తుంది. హెచ్‌డీఎల్‌కూ అదే గతి పట్టి త్వరగా శరీరం నుంచి తొలగిపోతుంది. మీ ట్రైగ్లిసరైడ్లు 210కి ఎగబాకడమూ, హెచ్‌డీఎల్ 34కు జారడమూ, ఎల్‌డీఎల్ 112 దగ్గర అమాయకంగా నిలబడి ఉండడమూ, దాని వెనుక అపోబి 124కు చేరడమూ నాలుగు వేర్వేరు సమస్యలు కావు. ఒకే గొలుసులోని లింకులు. నడుము 98 సెంటీమీటర్లు, హెచ్‌బీఏ1సి 5.9 కూడా అదే కథను చెబుతున్నాయి. మన దేశపు పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు, హెచ్‌బీఏ1సి 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాన్ని షుగర్‌కు ముందు దశగా లెక్కిస్తారు.

సంఖ్య ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. సుమారు 70 నానోమీటర్ల కంటే చిన్నవైన అపోబి రేణువులు రక్తనాళపు లోపలి పొరను దాటి గోడలోకి చొచ్చుకుపోగలవు. ఎల్‌డీఎల్ పరిమాణం ఇరవై పై చిల్లర మాత్రమే. అలా వెళ్లినవాటిలో చాలా భాగం మళ్లీ బయటకు వచ్చేస్తాయి. కొన్ని మాత్రం అక్కడే చిక్కుకుంటాయి, ఎందుకంటే అపోబి గొలుసు మీద ధనావేశం ఉన్న చోట్లు గోడలోని ప్రొటియోగ్లైకాన్లు అనే పదార్థాలకు అతుక్కుంటాయి. చిక్కుకున్న రేణువులను మింగేందుకు వచ్చిన తెల్లకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చచ్చి పోగుపడతాయి. పూడిక మొదలయ్యేది అక్కడే. గోడను తాకే రేణువులు ఎన్ని ఉంటే చిక్కుకునేవి అన్ని ఉంటాయి. ఒక్కో రేణువులో కొలెస్ట్రాల్ కొంచెం తక్కువగా ఉందన్నది ఇక్కడ పెద్ద ఊరట కాదు. 52 దేశాల్లో సుమారు 15,000 మంది గుండెపోటు రోగులను, దాదాపు అంతేమంది ఆరోగ్యవంతులతో పోల్చి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, కొలిచిన ముప్పు కారణాలన్నింటిలోకి అపోబికీ హెచ్‌డీఎల్‌లోని అపోఏ-1కీ మధ్య నిష్పత్తే అగ్రస్థానంలో నిలిచింది. అదే అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు ఇతరులకంటే దాదాపు ఆరేళ్లు ముందుగా వస్తున్నట్లు తేలింది.

రిపోర్టులోని 66-133 అనే హద్దు సంగతి మీ బావమరిదికి ప్రత్యేకంగా చెప్పండి. ఆ హద్దులు, పరీక్షకు తీసుకున్న జనంలో ఎక్కువమందికి ఏ అంకెలు వచ్చాయో చెప్పేవి. ఏ అంకె దగ్గర గుండెకు క్షేమమో చెప్పేవి కావు. గుండెజబ్బే సర్వసాధారణమైపోయిన కాలంలో ఎక్కువమందిలో ఉన్న అంకెను ఆరోగ్యకరమైన అంకెగా తీసుకోవడం కుదరదు. 2019 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు ముప్పు మధ్యస్థంగా ఉన్నవారికి అపోబి 100 లోపు, ఎక్కువగా ఉన్నవారికి 80 లోపు, చాలా ఎక్కువగా ఉన్నవారికి 65 లోపు ఉండాలంటాయి. 2018 నాటి అమెరికన్ మార్గదర్శకాలు అపోబి 130ని ఎల్‌డీఎల్ 160కి సమానమైన ముప్పుగా లెక్కించాయి. మీ 124 దానికి ఆరు మెట్లు కింద ఉంది. అంటే మీ రక్తనాళాలకు తగులుతున్న తాకిడి ఎల్‌డీఎల్ 112 ఉన్న మనిషిది కాదు, దాదాపు 150 ఉన్న మనిషిది అనుకుంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఈ పరీక్ష చేయించుకోని పాఠకులు దీని కోసం పరుగులు పెట్టనవసరం లేదు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను తీసేస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్ చాలావరకు ఇదే మాట చెబుతుంది, దానికి ఖర్చు కూడా లేదు. మీకు అది 154. సాధారణంగా 130 లోపు ఉండాలంటారు, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఇంకా తక్కువ. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువ ఉన్నవారు, షుగర్ ఉన్నవారు, పెద్ద పొట్ట ఉన్నవారు మాత్రం అపోబి ఒకసారి చూసుకోవడం డబ్బుకు తగిన పనే.

మీ డాక్టరుగారు ఆ ఒక్క అంకెను చూసే మందు రాశారని మీరనుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఆయన చూసింది ఆ అంకెను మీ నాన్నగారి చరిత్రతో కలిపి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్ల లోపు గుండెజబ్బు వస్తే దాన్ని అకాల గుండెజబ్బు అంటారు. 51 దాని కిందికే వస్తుంది. కుటుంబంలో అకాల గుండెజబ్బు ఉండి, అపోబి 120 దాటి, ట్రైగ్లిసరైడ్లు 133 దాటితే కుటుంబపరమైన మిశ్రమ కొలెస్ట్రాల్ దోషాన్ని అనుమానించాలని ఈ రంగంలోని నిపుణులు చెబుతారు. ఈ దోషాన్ని మొదట గుర్తించింది 1973లో, అమెరికాలోని సియాటిల్‌లో గుండెపోటు నుంచి బయటపడినవారి కుటుంబాలను పరీక్షించినప్పుడు. ఆ బృందంలో ముందుండి నడిపించిన జోసెఫ్ గోల్డ్‌స్టీన్, ఆ తరువాత మైకేల్ బ్రౌన్‌తో కలిసి, అపోబిని గుర్తుపట్టి ఎల్‌డీఎల్‌ను కణాల్లోకి లాక్కునే గ్రాహకాన్ని కనిపెట్టి 1985లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ దోషానికి ఒక చిత్రమైన లక్షణం ఉంది. ఒకే ఇంట్లో ఒకరికి కొలెస్ట్రాల్, మరొకరికి ట్రైగ్లిసరైడ్లు, ఇంకొకరికి రెండూ పెరుగుతాయి. ఒకే మనిషిలో కూడా ఏడాదికోలా మారుతుంటాయి. నిలకడగా ఎక్కువగా ఉండేది అపోబి. మీకు అదే ఉందని ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పను. కానీ అనుమానానికి మీ అంకెలు సరిగ్గా సరిపోతున్నాయి.

ఇక మాత్ర సంగతి. మీ స్థానంలో ఉన్నవారికి స్టాటిన్ వేసుకోమనే నా సలహా. అయితే మొదలుపెట్టేముందు మీ డాక్టరుగారిని మూడు విషయాలు అడగండి. థైరాయిడ్ మందగించినా అపోబి పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ చూశారా అన్నది మొదటిది; చూడకపోతే అది ముందు చేయించాలి, ఎందుకంటే దోషం అక్కడే ఉంటే చికిత్స కూడా అక్కడే మొదలుకావాలి. కాలేయం, కిడ్నీ పరీక్షలు ఒకసారి చేసి, తరువాత పోల్చుకోవడానికి ఆ అంకెలు దగ్గర ఉంచుకోవాలి, ఇది రెండోది. మూడోది మోతాదు. ఆసియా మూలాలవారి రక్తంలో రోసువాస్టాటిన్ ఇతరులకంటే ఎక్కువ స్థాయికి చేరుతుంది. అందుకే అమెరికాలో ఆ మందు పత్రమే ఆసియావారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం గురించి ఆలోచించమంటుంది. మన దగ్గర 10తో మొదలుపెట్టడం తప్పేమీ కాదు, చాలామందికి అలాగే ఇస్తారు. కానీ 5తో మొదలుపెట్టి చూద్దామని మీరు అడిగితే అది తెలియనితనమేమీ కాదు. మద్యం అలవాటుంటే ఎంతో దాచకుండా చెప్పండి. 210 ట్రైగ్లిసరైడ్లలో దాని వాటా ఎంతో ఆ జవాబును బట్టే తెలుస్తుంది.

ఈ మాత్ర పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. కాలేయ కణంలో కొలెస్ట్రాల్ తయారీని అది తగ్గిస్తుంది; లోటు పడిన కాలేయం ఆ లోటు పూడ్చుకోవడానికి ఇందాక చెప్పిన గ్రాహకాలను మరిన్ని పైకి తెచ్చి రక్తంలోని అపోబి రేణువులను లాగేసుకుంటుంది. రోసువాస్టాటిన్ 10తో ఎల్‌డీఎల్ సుమారు 45 శాతం, అపోబి సుమారు 35 శాతం తగ్గుతాయి. మీ 124 ఆ లెక్కన 80 దరిదాపులకు రావాలి. ఎల్‌డీఎల్ కంటే అపోబి కొంచెం వెనుకబడి తగ్గుతుంది కాబట్టే, రెండో రిపోర్టులో ఎల్‌డీఎల్ ఒక్కటే చూసి పని అయిపోయిందనుకోకూడదు. మొదలుపెట్టిన నాలుగు నుంచి పన్నెండు వారాల్లోపు అపోబితో సహా మళ్లీ పరీక్ష చేయించండి. ఎల్‌డీఎల్ దాదాపు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు ఐదో వంతుకు పైగా తగ్గుతాయని లక్షమందికి పైగా పాల్గొన్న అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది.

మీ బావమరిది భయాల్లో ఒకటి కొంత నిజం, ఒకటి చాలావరకు అపోహ. లివర్ పాడవడం చాలా అరుదు. ఎంజైములు కాస్త పెరగడం కొందరిలో కనిపిస్తుంది, మోతాదు మారిస్తే సర్దుకుంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఉన్నవారికి కూడా ఈ మందు నిషేధం కాదు. షుగర్ మాట మాత్రం కొట్టిపారేయలేం. 2010లో ప్రచురించిన ఒక సమీక్షలో, 255 మంది నాలుగేళ్లపాటు స్టాటిన్ వాడితే అదనంగా ఒకరికి షుగర్ బయటపడింది. ఆ ఒక్కరు సాధారణంగా ముందే అంచు మీద ఉన్నవారు, మీ 5.9 కూడా ఆ అంచుకు దగ్గరగానే ఉంది. అందువల్ల ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సి చూసుకోండి. షుగర్ కొన్నాళ్లు ముందు బయటపడటం ఒక పక్క, 51 ఏళ్లకు గుండెపోటు మరో పక్క పెట్టి తూచితే ఏది బరువో చెప్పనవసరం లేదు. కండరాల నొప్పులు వస్తే ఓర్చుకోకండి, మీకై మీరు ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. 2020లో జరిగిన ఒక అధ్యయనంలో స్టాటిన్ వేసుకున్న నెలల్లో వచ్చిన ఇబ్బందుల్లో తొంభై శాతం ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లో కూడా వచ్చాయి. అంటే అన్ని నొప్పులకూ మాత్రే కారణం కాదు. కాని కొందరికి నిజంగానే పడదు, వారికి వేరే దారులున్నాయి.

తిండి మార్చుకుంటే సరిపోదా అని అడిగారు. తిండి, నడక మీ ట్రైగ్లిసరైడ్లను బాగా దించగలవు. ఐదు నుంచి పది శాతం బరువు తగ్గితే ట్రైగ్లిసరైడ్లు ఐదో వంతు వరకు తగ్గడం మామూలే. అపోబి అంతగా దిగదు. మీలాంటివారిలో తిండి ఒక్కదానితో 124 నుంచి 80కి రావడం చాలా కష్టం. అయినా తిండిని వదిలేయకూడదు, మాత్ర చేయలేని పనులు అది చేస్తుంది. పూటకు అన్నం కొలత తగ్గించి, ఆ ఖాళీలో కూరను, పప్పును, పెరుగును పెంచండి. కొర్ర, జొన్న, రాగి మంచివే గానీ వాటిని తినడమంటే అన్నానికి బదులుగా తినడం. అన్నం తిన్నాక రాగి జావ తాగడం కాదు. ఇలా చేసి షుగర్ ఎందుకు దిగలేదని అడిగేవారు తక్కువేమీ కాదు. నెయ్యి, వెన్న, పామాయిల్, కొబ్బరి నూనెల్లోని సంతృప్త కొవ్వు కాలేయం మీది గ్రాహకాలను తగ్గించి అపోబిని పెంచుతుంది కాబట్టి వాటిని కొలిచి వాడండి. ఆత్రేయపురం పూతరేకులు మీకు దగ్గరే దొరుకుతాయి. అందులో నెయ్యి, పంచదార రెండూ ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకుని పండగలకు పరిమితం చేసుకోండి. సాయంత్రం బండి మీది బజ్జీ అంతకంటే కష్టం, ఆ మూకుట్లో నూనె ఎన్నిసార్లు మరిగిందో మనకు తెలియదు. ఇసబ్గోలు, ఓట్స్, బార్లీ, మెంతుల్లోని కరిగే పీచు ఎల్‌డీఎల్‌ను కొంతమేర తగ్గిస్తుంది. రాత్రి భోజనం త్వరగా ముగించి అరగంట నడవడం బ్యాంకు కుర్చీలో కూర్చునేవారికి చాలా మేలు చేస్తుంది. హెచ్‌డీఎల్ 34ను మందులతో పెంచాలని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. హెచ్‌డీఎల్‌ను బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందు పరీక్షల్లో మరణాలు పెరగడంతో 2006లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది.

రిపోర్టులో లేని పరీక్ష ఒకటి మీరు చేయించుకోవాలి: లిపోప్రొటీన్-ఏ. ఇది కూడా అపోబి ఉన్న రేణువే, దానికి అపో-ఏ అనే మరో ప్రొటీన్ (హెచ్‌డీఎల్‌లోని అపోఏ-1 వేరు) తోకలా కట్టుకుని ఉంటుంది. 1963లో నార్వేకు చెందిన కోరె బర్గ్ దీన్ని గుర్తించారు. దీని స్థాయిని నిర్ణయించేది దాదాపు పూర్తిగా జన్యువులే కాబట్టి తిండితోనో, నడకతోనో, స్టాటిన్‌తోనో తగ్గదు; జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువని లెక్క. మీకు అది కూడా ఎక్కువని తేలితే 100 లోపు చాలన్న మాట పోయి, అపోబిని 80 కిందికి తేవడం తప్పనిసరి అవుతుంది. నాన్నగారికి కూడా ఈ పరీక్ష చేయిస్తే ఆయన గుండెపోటుకు దారి ఏమిటో కొంత తెలుస్తుంది.

న్యూజెర్సీలోని మీ తమ్ముడికి ఈ రిపోర్టు ఫొటో పంపండి. అక్కడి డాక్టరు ఎల్‌డీఎల్ చూసి బాగానే ఉందని పంపేసే అవకాశం అతనికీ ఉంది; దక్షిణాసియా మూలాలను, కుటుంబంలో అకాల గుండెజబ్బును, పెరిగిన అపోబినీ 2018 నాటి అమెరికన్ మార్గదర్శకాలే ముప్పు పెంచే అంశాలుగా పేర్కొన్నాయని చెబితే పరీక్ష రాయించుకోవడం కష్టం కాదు. పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే పట్టికలు వయసుకే పెద్దపీట వేస్తాయి కాబట్టి, నలభై లోపువారికి అవి ఇచ్చే చిన్న అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదని కూడా చెప్పండి.

పిల్లల విషయంలో కంగారు వద్దు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య పిల్లలకు ఒకసారి కొలెస్ట్రాల్ చూడాలని అమెరికన్ పిల్లల వైద్య నిపుణుల సలహా. తాతకు 55 లోపు గుండెపోటు వచ్చిన ఇంట్లో ఆ సలహాకు ఇంకా విలువ ఉంది. ఇద్దరికీ మామూలు లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తే చాలు, పరగడుపు కూడా అక్కరలేదు. ఈ కుటుంబ దోషం చాలామందిలో పెద్దయ్యాకే బయటపడుతుంది కాబట్టి ఇప్పుడు నార్మల్ వచ్చినా పద్దెనిమిదేళ్లకు మరోసారి చూడాలి. ఇప్పుడు వారికి కావలసింది మందు కాదు. సాయంత్రం ఆట, తగ్గించిన చిప్స్, కూల్‌డ్రింకులు. ఒకవేళ ఎల్‌డీఎల్ 160 దాటి వస్తే మాత్రం ఆ రిపోర్టునూ, తాతగారికి ఏ వయసులో ఏం జరిగిందో రాసిన కాగితాన్నీ తీసుకుని పిల్లల డాక్టరును కలవండి.